పాఠం 9: చిన్న బోర్డుపై 'గో' ఆట – మొదటి ఎత్తు విలువ కట్టడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక రాయికి ఎన్ని ఊపిరి చోట్లు ఉన్నాయో లెక్కించగలరు.
• మొదటి ఎత్తు మంచిదో కాదో కారణాలతో చెప్పగలరు.

9.1 పరిచయం

మీరు పులిజూదం చూసే ఉంటారు. అందులో కాయలను గీతలు కలిసే చోట పెడతారు. చైనాలో పుట్టి కొరియా, జపాన్ దేశాలకు వ్యాపించిన 'గో' ఆటలోనూ అంతే. దాని పెద్ద బోర్డుపై 19 అడ్డగీతలు, 19 నిలువుగీతలు, మొత్తం 361 కూడళ్లు ఉంటాయి.

మనకు ఇప్పుడు అంత బోర్డు అక్కరలేదు. నేలమీద సుద్దముక్కతో 3 అడ్డగీతలు, 3 నిలువుగీతలు గీయండి. 9 కూడళ్లు వస్తాయి. నలుపుకు చింతగింజలు, తెలుపుకు గవ్వలు తీసుకోండి.

నలుపు ముందు ఆడుతుంది. తరువాత ఒకరి తరువాత ఒకరు ఒక్కొక్క రాయి పెడతారు. పెట్టిన రాయిని జరపకూడదు. చివరకు ఎవరి రాళ్లు, అవి చుట్టుముట్టిన ఖాళీ కూడళ్లు కలిపి ఎక్కువ ఉంటే వారే గెలిచినట్లు.

9.2 ఊపిరి చోట్లు

రాయికి గీత వెంబడి పక్కనే ఉన్న ఖాళీ కూడలిని 'ఊపిరి చోటు' అందాం. మూలనున్న రాయికి ఇవి 2, అంచునున్న రాయికి 3, లోపలి రాయికి 4. అన్నింటినీ ఎదుటివారు మూసివేస్తే ఆ రాయిని బోర్డుపై నుండి తీసివేస్తారు.

9.3 ఎత్తుకు విలువ కట్టడం

చింతగింజను మూలలో పెట్టండి. బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. ఇప్పుడు మీరే తెలుపు వైపు కూర్చోండి. గవ్వను నడిమధ్యన పెట్టండి. తెలుపుకు 4 ఊపిరి చోట్లు, నలుపుకు 2 మాత్రమే. ఇరువురూ తప్పులేకుండా ఆడితే ఇక్కడ తెలుపుదే గెలుపు. అదే నలుపు మొదట నడిమధ్యన పెట్టి ఉంటే 9 కూడళ్లూ నలుపుకే దక్కేవి.

దీనినిబట్టి ఏమి తెలుస్తున్నది? ఎత్తు విలువను మన రాయి పెట్టగానే తేల్చకూడదు. ఎదుటివారు ఇచ్చే అత్యుత్తమ జవాబు తరువాత మనకు ఏమి మిగులుతుందో అదే దాని విలువ. ఎదుటివారు పొరపాటు చేస్తారన్న ఆశతో విలువ కడితే మోసపోతాము.

5 గీతల బోర్డుపైనా నడిమధ్యే ఉత్తమం. నెదర్లాండ్స్‌కు చెందిన ఎరిక్ వాన్ డెర్ వెర్ఫ్ 2002లో కంప్యూటరు సహాయంతో దీనిని నిరూపించారు. నలుపు మధ్యలో మొదలుపెట్టి సరిగా ఆడితే 25 కూడళ్లూ దానివే.

9.4 పెద్ద బోర్డుపై ఎందుకు వేరు?

19 గీతల బోర్డుపై ఆటగాళ్లు సాధారణంగా మూలల దగ్గర మొదలుపెడతారు. మూలలో రెండు వైపులా అంచులే గోడలు. కాబట్టి తక్కువ రాళ్లతో చోటు చుట్టవచ్చు. చిన్న బోర్డుపై మధ్యనున్న రాయి అన్ని వైపులకూ అందుతుంది. ఎదుటివారికి నిలదొక్కుకునే చోటు ఉండదు. అందుచేత ఒక బోర్డుపై నేర్చిన సూత్రాన్ని మరొకదానిపై గుడ్డిగా వాడకండి. పైన చెప్పినట్లు మళ్లీ లెక్కించండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. 5 గీతల ఖాళీ బోర్డుపై, రాయి పెడితే 4 ఊపిరి చోట్లు దొరికే కూడళ్లు ఎన్ని?
2. 3 గీతల బోర్డుపై నలుపు నడిమధ్యన, తెలుపు అంచు మధ్యన ఉన్నాయి. ఎవరికెన్ని ఊపిరి చోట్లు?
3. "మంచి మొదటి ఎత్తు అన్ని బోర్డులకూ ఒకటే." తప్పా, ఒప్పా?

జవాబులు

1. 9
2. నలుపుకు 3, తెలుపుకు 2
3. తప్పు