లేని కడుపుకు గ్యాస్ బిళ్ళ

ప్రశ్న: పొద్దున్నే సోడా ఉప్పు, నిమ్మరసం కలిపి తాగితే కడుపు క్యాన్సర్ రాదని వీడియోలో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, దుర్గ్

జవాబు: కాదు.

ప్రశ్న: మా ఆయనకు 61. ప్లాంటులో చేసి రిటైరయ్యారు. క్యాన్సరని ఎనిమిది నెలల కిందట కడుపు మొత్తం తీసేశారు. ఇప్పటికీ పడుకుంటే గుండెల్లో మంట, నోట్లోకి చేదు నీళ్ళు. రెండు పూటలా గ్యాస్ బిళ్ళ ఇస్తున్నా తగ్గట్లేదు. డోసు పెంచనా? ఆపరేషన్‌కు ముందు కూడా ఏడాదిపాటు ఇవే బిళ్ళలు మెడికల్ షాపులో నేనే తెచ్చిచ్చాను. ఎసిడిటీ ముదిరే క్యాన్సరైందని మా ఆడపడుచు అంటోంది.
– ఒక సోదరి, సెక్టర్ 2, భిలాయ్

జవాబు: అమ్మా, చివరి రెండు వాక్యాల దగ్గర మీ అక్షరాలు వంకర తిరిగాయి. ముందు వాటికే జవాబు. మీరు తెచ్చిన బిళ్ళ క్యాన్సర్‌ను తేలేదు. చాలామందిలో జరిగేది మీ ఆడపడుచు అన్నదానికి తలకిందులు. హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి ఏళ్ళ తరబడి కడుపు లోపలి పొరను అరగదీస్తుంది, ఆమ్లం ఊరడమే తగ్గిపోతుంది, అలాంటి పొరలో క్యాన్సర్ మొలుస్తుంది. ఆ క్రిమిని పట్టుకున్న మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. మీ ఆడపడుచుకు ఇంకా ఇవ్వలేదు.

ఇక డోసు. ఆ బిళ్ళ పని కడుపులో ఆమ్లం ఊరకుండా ఆపడం. మీవారికి కడుపే లేదు. ఫర్నేసు కూల్చేశాక నీళ్ళు దేనిమీద పోస్తారు? పైకి తన్నేది చాలావరకు పేగులోని పైత్యరసం, ఆ చేదు దానిదే. రాత్రి తిన్నాక మూడు గంటలు పడుకోనివ్వకండి. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టండి. రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి, తీపి తగ్గించండి, అన్నంతోపాటు చెంబెడు నీళ్ళు వద్దు. బి12 ఇంజెక్షన్ జన్మంతా పడాలి, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు! ఈ వారమే సర్జన్‌కు చూపించి, పైత్యానికి మందు అడగండి. ముద్ద దిగకపోయినా, బరువు తగ్గుతున్నా వారం కూడా ఆగొద్దు.

ఇప్పుడు తిట్లు, మీ ఒక్కరికే కాదు, టౌన్‌షిప్ మొత్తానికీ. నైట్ షిఫ్ట్, ఖాళీ కడుపున నాలుగు టీలు, చొక్కా జేబులో సగం చించిన బిళ్ళల స్ట్రిప్పు! ఊళ్ళో సెక్టర్ 9 ఆస్పత్రి పెట్టుకుని, ఓపీ లైన్లో నిలబడలేక షాపువాణ్ణి డాక్టరును చేస్తారు. ఆ బిళ్ళ క్యాన్సర్ మంటనూ చల్లారుస్తుంది. పుండు పైపైన మానినట్టు కనిపించి, ఎండోస్కోపీ చేసేవాడి కంటినే మోసం చేయగలదు. యాభై దాటాక కొత్తగా మంట మొదలైనా, బిళ్ళలు ఆపగానే తిరగబెడుతున్నా, విరేచనం నల్లగా అయినా గొట్టం వేయించుకోవాల్సిందే. మీవారికి ఆలస్యం జరిగిందా అంటే, జరిగే ఉంటుంది. అందులో చీటీ అడక్కుండా అమ్మినవాడికీ, నొప్పిని మీ దగ్గర గ్యాసని కొట్టిపారేసిన ఆయనకూ వాటా ఉంది. అంతా మీరే మోయకండి.

ప్రశ్న: మామగారికి కడుపు క్యాన్సర్. కంచం వేరుగా పెట్టాలా?
– ఒక కోడలు, రాయ్‌పూర్

జవాబు: అక్కర్లేదు, క్యాన్సర్ అంటదు. మీ ఆయన, ఆయన తోబుట్టువులు మాత్రం పైలోరి పరీక్ష చేయించుకోవాలి.