హార్మోను పని ఏది? క్రిమి పని ఏది? – దంపతులు తెలుసుకోవలసిన సంగతులు



సంసారం అన్నాక ఒంట్లో ఏదో ఒక మార్పు వస్తూనే ఉంటుంది. ముట్టు నాలుగు రోజులు ముందో వెనుకో వస్తుంది. తెల్లబట్ట కనిపిస్తుంది. మాత్రలు మొదలుపెట్టిన నెలలో వికారం పుడుతుంది. వీటిలో కొన్ని శరీరం తన పని తాను చేసుకుపోతున్నదనటానికి గుర్తులు. మరికొన్ని రోగం ప్రవేశించిందనటానికి గుర్తులు. ఏది ఏదో తెలియక మనం రెండు విధాలా నష్టపోతున్నాము. భయపడనక్కరలేని వికారానికి భయపడి మాత్రలు మానేసి, చంకలో పసిబిడ్డ ఉండగానే మళ్ళీ నెల తప్పే తల్లులున్నారు. చూపించుకోవలసిన రోగాన్ని సిగ్గుతో దాచుకొని, చివరకు పిల్లలు పుట్టని స్థితికి చేరే దంపతులూ ఉన్నారు.

ఈ మార్పుల వెనుక కంటికి కనబడని పనివాళ్ళు రెండు రకాలవారున్నారు. ఒకరు శరీరం తానే తయారుచేసుకునే హార్మోనులు. రెండవవారు మన ఒంటి మీదా, లోపలా, చుట్టూ ఉండే సూక్ష్మజీవులు. వీరిద్దరి సంగతి తెలిస్తే ఎప్పుడు ధైర్యంగా ఉండాలో, ఎప్పుడు ఆసుపత్రికి నడవాలో మీకే తెలుస్తుంది.

హార్మోను అంటే ఏమిటి?

ఊళ్ళో దండోరా వేస్తే అందరి చెవినా పడుతుంది. కాని సంబంధం ఉన్నవాడే కదులుతాడు. హార్మోను కూడా అటువంటిదే. శరీరంలోని గ్రంథులు కొన్ని పదార్థాలను తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. అవి ఒళ్ళంతా తిరిగినా, ఏ భాగానికి ఆ కబురు చెందుతుందో ఆ భాగమే పని మొదలుపెడుతుంది.

స్త్రీకి మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. దాని నుండి కబురు అందగానే అండాశయంలో ఒక అండం పక్వానికి వస్తుంది. అండాశయం నుండి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ అనే హార్మోనులు బయలుదేరి, గర్భాశయం లోపలి పొరను పరుపులాగా సిద్ధం చేస్తాయి. గర్భం నిలవకపోతే ఆ హార్మోనులు తగ్గిపోతాయి, ఆ పొర ఊడి రక్తంతో బయటకు వస్తుంది. ఇదే ముట్టు. ఇది చెడు రక్తమూ కాదు, మైలా కాదు. నాలుగైదు రోజులు అటూ ఇటూ కావటం చాలామందిలో సహజం.

పురుషునిలో వృషణాలు రెండు పనులు చేస్తాయి. వీర్యకణాలను తయారుచేస్తాయి, టెస్టోస్టిరాన్ అనే హార్మోనును తయారుచేస్తాయి. మీసం, గొంతు, కండబలం, కోరిక ఈ హార్మోను చలవే. ఈ రెండు పనులు వేరు వేరని గుర్తుపెట్టుకోండి. దీని అవసరం ముందు ముందు వస్తుంది.

సూక్ష్మజీవులన్నీ శత్రువులు కావు

పాలలో కాస్త తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగవుతుంది. ఆ పని చేసేది సూక్ష్మజీవులే. అవి పాలను పులియబెడతాయి. ఆ పులుపులో చాలా రకాల చెడు క్రిములు పెరగలేవు.

ఇట్లాంటి మేలుచేసే క్రిములే స్త్రీ యోని మార్గంలోనూ ఉంటాయి. ఈస్ట్రోజన్ హార్మోను ఆ మార్గపు గోడలలో ఒక రకమైన పిండిపదార్థం నిలవచేయిస్తుంది. మంచి క్రిములు దాని మీద బ్రతికి, అక్కడ పులుపును కాపాడతాయి. ఆ పులుపు బయటి రోగక్రిములకు కంచె. చూడండి, హార్మోను మేత వేస్తే క్రిములు కాపలా కాస్తున్నాయి!

అందుచేత సబ్బు నీళ్ళతోగాని, డెట్టాల్‌తోగాని లోపలి భాగాన్ని కడగకూడదు. కలుపుతో పాటు పైరునూ పీకేసినట్లవుతుంది. బయటి భాగాన్ని మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు. ముట్టుకు వాడే గుడ్డలను సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయండి. ఎవరైనా చూస్తారని మూలన తడిగా దాస్తే వాటిలో బూజు, క్రిములు పెరుగుతాయి.

తెల్లబట్ట: ఏది సహజం, ఏది రోగం?

ముట్టుకూ ముట్టుకూ నడిమి రోజుల్లో గుడ్డు తెల్లసొనలాగా జిగురుగా, వాసన లేకుండా వచ్చేది హార్మోను పని. అండం విడుదలయ్యే కాలంలో అది రావటం ఆరోగ్యమే. గర్భిణికి తెల్లబట్ట కొంచెం ఎక్కువ కావటమూ సహజమే. దీనివల్ల ఎముకలు కరిగిపోతాయనీ, బలం కారిపోతుందనీ అనుకోవటం అపోహ.

ఈ కిందివి మాత్రం క్రిమి పని కావచ్చు:

– విరిగిన పాల ముక్కల్లాగా వచ్చి, విపరీతమైన దురద ఉండటం
– పసుపుగా, ఆకుపచ్చగా, నురుగుతో రావటం
– చేపల నీచు వంటి దుర్వాసన
– మూత్రానికి వెళ్ళినప్పుడు మంట, కలయికలో నొప్పి
– పొత్తికడుపులో నొప్పి, జ్వరం
– భార్యకుగాని భర్తకుగాని మర్మాంగాలపై పుండు. భర్తకు చీము కారటం

వీటిలో ఏది కనిపించినా నాటు వైద్యాలతో రోజులు గడపవద్దు. గనేరియా, క్లమీడియా వంటి రోగాల క్రిములు పైకి పాకి, అండం నడిచే గొట్టాలను మూసివేయగలవు. దారి మూసుకుపోతే పిల్లలు పుట్టకపోవచ్చు, లేదా గర్భం గొట్టంలోనే నిలిచి తల్లి ప్రాణం మీదకు రావచ్చు. క్లమీడియా చాలామంది స్త్రీలలో ఏ బాధా లేకుండానే ఉండిపోతుంది. కనుక భర్తకు రోగలక్షణం కనిపిస్తే, భార్యకు ఏమీ లేకపోయినా ఆమె కూడా పరీక్ష చేయించుకోవాలి.

భర్తలకు ఒక మాట. కలయిక వల్ల అంటే రోగానికి భార్య ఒక్కతే మందు మింగితే ప్రయోజనం లేదు. చిల్లి పూడ్చని కుండలో నీళ్ళు పోసినట్లే. ఇద్దరూ ఒకేసారి, డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడాలి. పూర్తిగా నయమయ్యే వరకు కలయిక మానాలి, లేదా నిరోధ్ వాడాలి. నిరోధ్ ఒక్కటే గర్భాన్నీ ఆపుతుంది, రోగక్రిములనూ అడ్డుకుంటుంది. పిల్లలు కలగకపోతే భార్యను గొడ్రాలని నిందించటం కూడా తప్పు. లోపం ఇద్దరిలో ఎవరికైనా ఉండవచ్చు.

కాన్పు వేళ

1847లో వియన్నా నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో బాలింతలు జ్వరంతో కుప్పలుగా చనిపోయేవారు. ఆ ఏడాది ఏప్రిల్ నెలలో ఒక వార్డులో నూటికి 18 మంది దాకా పోయారు. అక్కడి వైద్యుడు సెమ్మెల్‌వైస్ ఒక సంగతి గమనించాడు. శవాలను కోసి పరీక్షించిన చేతులతోనే డాక్టర్లు వచ్చి కాన్పులు చేస్తున్నారు. క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కున్నాకే గర్భిణిని ముట్టుకోవాలని ఆయన నియమం పెట్టాడు. రెండు నెలలు తిరగకముందే చావులు నూటికి రెండుకు దిగాయి. రోగక్రిముల సంగతి లోకానికి ఇంకా తెలియని రోజులవి. చేతులు కడుక్కున్నందుకే ఇంత ఫలితం వచ్చింది.

అందుకే కాన్పు ఆసుపత్రిలో జరగాలి. బొడ్డు కోసే సాధనం శుభ్రమైనదై ఉండాలి. బొడ్డుకు బూడిద, పేడ, పసుపు, ఆముదం ఏదీ పెట్టకండి. ధనుర్వాతపు క్రిములు మట్టిలోనూ పేడలోనూ ఉంటాయి. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని భారతదేశం అదుపులోకి తెచ్చిందని 2015లో ధ్రువపడింది. అయినా క్రిమి మట్టిలోనే ఉంది కాబట్టి గర్భిణి టి.డి. ఇంజక్షన్లు తప్పక వేయించుకోవాలి.

కాన్పు తరువాత జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసనతో మైల కనిపిస్తే “బాలింత జ్వరమేలే” అని కూర్చోవద్దు. గంటలు కూడా ముఖ్యమే. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ముర్రుపాలు – తల్లి ఇచ్చే మొదటి టీకా

పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించండి. పసుపుపచ్చని ముర్రుపాలు పిండి పారబోయకండి. బిడ్డను రోగక్రిముల నుండి కాపాడే పదార్థాలు వాటిలో నిండుగా ఉంటాయి. బిడ్డ చప్పరిస్తుంటే తల్లిలో ఆక్సిటోసిన్ అనే హార్మోను ఊరి, గర్భాశయం ముడుచుకుంటుంది, రక్తస్రావం తగ్గుతుంది. ఒక్క పనికి రెండు లాభాలు.

పాలిచ్చే తల్లిలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. రొమ్ము కుడిపే కొద్దీ అండం విడుదల కావటం ఆలస్యమవుతుంది. అయితే దీన్ని నమ్ముకోవాలంటే మూడు షరతులున్నాయి: బిడ్డకు 6 నెలలు నిండి ఉండకూడదు, తల్లికి ముట్టు మళ్ళీ మొదలై ఉండకూడదు, రాత్రింబవళ్ళు తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వకూడదు. మూడూ ఉంటే నూటికి 98 మందికి గర్భం రాదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా వేరే పద్ధతి మొదలుపెట్టాలి. “ఇంకా ముట్టు రాలేదు గదా” అని ధీమాగా ఉండకండి. అండం ముందు, ముట్టు తరువాత. ముట్టు చూడకుండానే గర్భం నిలవవచ్చు.

బిడ్డ పుట్టాక కనీసం రెండేళ్ళు ఆగి మరో గర్భానికి ప్రయత్నించటం తల్లికీ బిడ్డకీ మేలు. ఆ లోగా తల్లి రక్తం పుంజుకుంటుంది, బిడ్డ పాలకు లోటుండదు.

పద్ధతులు, భయాలు

మాలా-ఎన్ మాత్రలు: పొట్లంలో 28 మాత్రలుంటాయి. 21 హార్మోను మాత్రలు, 7 ఇనుము మాత్రలు. హార్మోను మాత్రలు అండాన్ని విడుదల కానివ్వవు. మొదటి రెండు మూడు నెలలు వికారం, మరక కనిపించవచ్చు. ఇది హార్మోనుకు ఒళ్ళు అలవాటుపడటమే. రాత్రి భోజనం తరువాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఒక మాత్ర మరిచిపోతే గుర్తుకు రాగానే వేసుకొని మిగతావి మామూలుగా సాగించండి. రెండు, అంతకు మించి మరిచిపోతే మాత్రలు సాగిస్తూనే 7 రోజులు నిరోధ్ కూడా వాడండి. బిడ్డకు 6 నెలలు నిండని పాలతల్లులు, రక్తపోటు ఉన్నవారు, 35 ఏళ్ళు దాటి పొగతాగేవారు ఈ మాత్రలు వాడకూడదు. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారిలో ఈ మాత్ర బలం తగ్గుతుంది. అందుచేత నర్సమ్మకు ఆ సంగతి ముందే చెప్పండి.

అంతర ఇంజక్షను: మూడు నెలలకు ఒకసారి. ముట్టు క్రమం తప్పవచ్చు, కొందరికి ఆగిపోవచ్చు. “రక్తం లోపలే నిలిచిపోయి గడ్డకడుతుంది” అన్నది అపోహ. హార్మోను వల్ల గర్భాశయంలో పరుపే మందంగా ఏర్పడదు. ఊడటానికి ఏమీ లేనప్పుడు రక్తం ఎక్కడ నుండి వస్తుంది? పిల్లలు కావాలనుకొని మానేస్తే చివరి ఇంజక్షను తరువాత 7 నుండి 10 నెలలకు గర్భం రావటం మామూలు.

ఛాయా మాత్రలు: ఇందులో హార్మోను లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో రూపొందిన మందు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు.

కాపర్-టి: ఇందులోనూ హార్మోను లేదు. రాగి వీర్యకణాలను పనిచేయనివ్వదు. 380 ఎ రకం పదేళ్ళు పనిచేస్తుంది, కావాలంటే ఎప్పుడైనా తీయించుకోవచ్చు. రోగక్రిములు ఉన్నప్పుడు వేస్తే అవి పైకి పోయే ప్రమాదముంది. అందుకే ముందు పరీక్ష, అవసరమైతే మందు, ఆ తరువాతే కాపర్-టి.

ఆపరేషను: పిల్లలు చాలనుకున్న తరువాతే. పురుషుల ఆపరేషను వేసెక్టమీ. దీనివల్ల మగతనం పోతుందని, బరువు పనులు చేయలేమని చాలామంది భయం. పైన చెప్పిన రెండు పనులు గుర్తుచేసుకోండి. వీర్యకణాలు సన్నని గొట్టం గుండా పోతాయి. హార్మోను నేరుగా రక్తంలో కలుస్తుంది. ఆపరేషనులో మూసేది గొట్టాన్ని మాత్రమే. హార్మోను ఎప్పటిలాగే ఒళ్ళంతా తిరుగుతుంది. కోరికా బలమూ తగ్గవు. కోత చిన్నది, త్వరగా మానుతుంది. కాని మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే మానాలి. స్త్రీల ఆపరేషనులో కూడా మూసేవి గొట్టాలే. అండాశయాలను తీయరు, ముట్టు వస్తూనే ఉంటుంది.

ఆలస్యం చేయకూడని సమయాలు

మాత్రలు వాడుతుండగా విపరీతమైన తలనొప్పి, ఛాతీనొప్పి, ఒక కాలు వాచి నొప్పి; కాపర్-టి వేసుకున్నాక జ్వరంతో పొత్తికడుపు నొప్పి; ముట్టు తప్పి కడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్ళు తిరగటం; ఆగని రక్తస్రావం. ఇవి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

చివరిగా

పొలంలో ఆకు పసుపుపచ్చబడితే రైతు ఊరకనే మందు కొట్టడు. నీటి ఎద్దడా, తెగులా అని చూస్తాడు. మీ ఒంటి విషయంలోనూ అదే చేయండి. భార్యాభర్తలిద్దరూ ఈ కాగితం కలిసి చదవండి. చదవటం రానివారికి చదివి వినిపించండి. ఇందులో చెప్పిన పద్ధతులన్నీ ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. ఏ పద్ధతి మీకు తగినదో ఆరోగ్య కార్యకర్తనుగాని డాక్టరునుగాని అడగండి. మీరు చెప్పినది గుట్టుగా ఉంటుంది. నిర్ణయం మాత్రం మీ ఇద్దరిదే.