పీకింగు నుండి పారిసుకు

మోటారు బండి పుట్టిన తొలినాళ్లలో పలువురు దానిని ధనవంతుల ఆటవస్తువుగా తలచిరి. 1907వ సంవత్సరమున పారిసులోని యొక వార్తాపత్రిక, “పీకింగు నుండి పారిసు వరకు మోటారుపై రాగల సాహసి కలడా?” యను భావముతో ఒక ప్రకటన చేసెను.

జూను 10వ తేదీన ఐదు బండ్లు పీకింగు నుండి బయలుదేరెను. వానిలో ‘ఇటాలా’ ఇటలీ దేశమందలి ట్యూరిను నగరమున తయారైనది. దాని యజమాని బోర్గేసే రాజకుమారుడు. ఆయన వెంట గ్విజార్డి యను యంత్రజ్ఞుడును, బార్జీని యను పత్రికా విలేఖరియు ఉండిరి.

మార్గమున సరియైన బాటలు లేవు. కొండదారులలో కూలీలు త్రాళ్లతో బండిని లాగిరి. గోబీ యెడారిలో ఒక మూడుచక్రముల బండి పెట్రోలు లేక నిలిచిపోయెను. దాని చోదకుడు దప్పికచే ప్రాణాపాయము పొంది, సంచారజాతివారి దయవలన బ్రతికెను. సైబీరియాలో పాత కొయ్యవంతెన విరిగి, ఇటాలా క్రిందికి కూలెను. దానిని పైకెత్తి మరల నడిపించిరి. రష్యాలో కొయ్యచక్రము చెడినప్పుడు, ఒక పల్లెటూరి వడ్రంగి గొడ్డలితో క్రొత్త చక్రమును చెక్కి యిచ్చెను.

ఆగస్టు 10వ తేదీన ఇటాలా పారిసు చేరెను. తరువాతి బండ్లు వచ్చుటకు మరి యిరువది దినములు పట్టెను. మోటారు దూరప్రయాణమునకు పనికివచ్చునని లోకము గ్రహించెను.

ఆ బండి నేటికిని ట్యూరిను మోటారు ప్రదర్శనశాలలో కలదు. రాజకుమారుని పేరు చరిత్ర కెక్కెను. పల్లెటూరి వడ్రంగి పేరు మన మెరుగము. అయినను ఆ విజయమున ఆతని గొడ్డలికిని భాగము కలదు.