మిట్టపల్లముల నేలపై స్తంభమును నిలుపుట

గత వర్షకాలమున మన వసతిగృహపు ధాన్యపుకొట్టు క్రింది నేలమాళిగలో, నడిమి స్తంభము నడుగు చెదలు తినివేసినది. మీద నలువది బస్తాల బియ్యము. ప్రక్కగదిలో పిల్లలు నిద్రించుచుండిరి. పిలిపించిన పనివాడు క్రొత్త స్తంభమును నిలిపి, నేల సమముగా లేనందున ఒక ప్రక్క సందులో రాతిముక్కలు దోపి వెడలిపోయెను. పదిదినములకే ఆ ముక్కలు నలిగి, దూలము అంగుళమంత క్రుంగినది.

విద్యార్థులారా, ఆ తప్పు ఎంతటిదో లెక్కవేసి చూడుడు. స్తంభపుటడుగు 20 సెంటీమీటర్ల చదరము, అనగా 400 చదరపు సెంటీమీటర్లు. దానిపై 1000 కిలోల బరువు పడినదనుకొందము. అడుగంతయు నేల నానినచో చదరపు సెంటీమీటరునకు రెండున్నర కిలోలు మాత్రమే. రాతిముక్కలపై 8 చదరపు సెంటీమీటర్ల మేర మాత్రమే ఆనినచో 125 కిలోలు! ఏబది రెట్లు గదా.

బస్తాలను దింపించి, దూలమునకు ఇరువైపుల తాత్కాలికముగా గుంజలు పోటుపెట్టిన పిమ్మటనే స్తంభమును తీసితిమి. ఈ వరుస తప్పరాదు. నేల వట్టి మన్నుపై పలుచని గచ్చయినచో దానిని పగులగొట్టి, త్రవ్వి, కాంక్రీటు పునాది వేయవలసినదే. మనది కొండరాయి. రాతిని చెక్కుటకంటె కఱ్ఱను చెక్కుట సులభము.

దూలమునకు నాలుగంగుళములు తక్కువగా స్తంభమును కోయించి, తూకపుగుండుతో నిట్టనిలువుగా నిలిపితిమి. మీ గణితపు పెట్టెలోని కంపాసువంటిదే, కొంత పెద్దది, తీసికొని, దాని కాళ్లను అడుగునగల మిక్కిలి పెద్ద సందుకంటె కొంచెమధికముగా విప్పి బిగించితిమి. ఒక మొన నేలను తాకుచుండగా, దానికి సరిగా మీదనుండు పెన్సిలు మొన స్తంభముపై గీయునట్లు చుట్టును నడుపవలెను. రాతి మిట్టపల్లములన్నియు గీతయై కఱ్ఱ కెక్కును. ఆ గీతవెంట చెక్కవలెను.

ఇది ప్రాచీనమైన యుపాయమే. కొరియా దేశమున సంచోకు పట్టణమందలి జుక్సరు మంటపము 1403లో తిరిగి కట్టబడినది. దాని క్రింది స్తంభములు కొన్ని, కొండరాతిని చదును చేయకయే, రాతి యెత్తును బట్టి ఒక్కొక్కటి ఒక్కొక్క పొడవున నిలుపబడినవి.

చెక్కుట సరిపోయినదో లేదో సుద్దపొడి చెప్పును. నేలపై దానిని చల్లి, స్తంభమును దింపి యెత్తినచో తాకినచోటులు తెల్లబడును. అచ్చట మరల చెక్కవలెను. మాకు నాలుగవ మారు గాని అడుగంతయు తెల్లబడలేదు. (వడ్రంగి విసుగుకొనెను, నేను గూడ.) పిదప పైసందులో టేకుదిమ్మ నుంచి, ఏటవాలుగా చెక్కిన రెండు పలకలను ఎదురెదురుగా, దినమునకు కొంచెముగా కొట్టించితిమి. ఒక్కసారిగా నెత్తినచో మీది గోడలు పగులును. వారము దినములకు దూలము మట్టమునకు వచ్చినది. క్రిస్మసునకు ముందే బియ్యపు బస్తాలు మరల పైకెక్కినవి.