కరెంటు కాదు, కరంట్: ఒక ఎండు పండు పేరు కథ



కిందటి నెల సోనేపూర్ నుంచి ఒక పెద్దమ్మ మలబద్ధకంతో వచ్చారు. రాత్రి ఏడు మునక్కాలు నానబెట్టుకుని పొద్దున్నే తినమని చీటీ రాసిచ్చాను. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ వచ్చారు. బాధ తగ్గలేదు సరికదా, అంచులో ఉన్న షుగరు కాస్తా పెరిగింది. ఏం తింటున్నారమ్మా అని అడిగితే సంచీలోంచి ఊదా రంగు షర్బత్ సీసా తీశారు. దాని మీద ‘బ్లాక్ కరంట్’ అని ఉంది. మునక్కా అంటే ఇదేనని కొట్టులో చెప్పారట, మనవడు కొన్నాడు. చీటీలో మునక్కా అని ఒక్క మాట రాసి ఊరుకున్న తప్పు నాదే. అందుకే ఈ వారం ఈ పేర్ల సంగతి.

మన ఇంట్లో వెలిగే కరెంటుకూ ఈ కరంట్‌కూ చుట్టరికం లేదు. ఆ మాట లాటిన్‌లో పరుగెత్తడం అనే అర్థం నుంచి వచ్చింది. ఈ మాట ఒక ఊరి పేరు. గ్రీసు దేశంలో కొరింత్ అనే రేవు పట్టణం ఉంది. గింజ లేని చిన్న నల్ల ద్రాక్షను ఎండబెట్టి ఆ ప్రాంతం నుంచి ఐరోపాకు పంపేవారు. ఫ్రెంచివాళ్ళు దాన్ని ‘కొరింత్ ద్రాక్ష’ అన్నారు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో ద్రాక్ష జారిపోయి, కొరింత్ కాస్తా కరంట్ అయింది.

చిక్కు తర్వాత వచ్చింది. 16వ శతాబ్దంలో ఇంగ్లండులో వేరే పొదకు కాసే ఎర్ర, నల్ల చిన్న పండ్లకు కూడా, చూడటానికి అలాగే ఉన్నాయని, అదే పేరు పెట్టేశారు. అది చలి దేశాల మొక్క, ద్రాక్ష తీగ కానే కాదు. ఐస్‌క్రీములో, షర్బత్‌లో కనిపించే బ్లాక్ కరంట్ ఈ రెండోదే. మన బజారులో మాత్రం నల్ల కిస్‌మిస్‌ను కూడా ఆ పేరుతోనే అమ్ముతుంటారు!

యునానీలో ఎండు ద్రాక్షను అరబ్బీలో జబీబ్, పారశీలో మవీజ్ అంటారు. చిన్నది, గింజ లేనిది కిస్‌మిస్. పెద్దది, గింజ ఉన్నది మవీజ్. మునక్కా అంటే ‘శుభ్రం చేసినది’ అని అర్థం, అంటే గింజ తీసినది. గింజకు బిగబట్టే గుణం, గుజ్జుకు మెత్తబరిచే గుణం ఉంటాయని మా శాస్త్రం చెబుతుంది. కాబట్టి విరేచనం సాఫీగా కావాలనుకునేవారు గింజతో సహా మింగితే ఏం లాభం? మందు ఎలా వాడాలో ఆ పేరులోనే ఉంది.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. ఇనబ్ అంటే ద్రాక్ష. హైదరాబాదులో పేరుపడ్డ అనాబ్-ఎ-షాహీ ద్రాక్షలో ఉన్నది ఆ మాటే. ఉన్నాబ్ అంటే రేగు జాతి పండు, దగ్గు కషాయంలో వేస్తాం. ఫోనులో చెబితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. చీటీ చేతికిచ్చి కొనండి.

కొట్టుకు వెళ్ళినప్పుడు కరంట్ అని అడగవద్దు. ‘గింజ ఉన్న పెద్ద ఎండు ద్రాక్ష’ అనండి. ఒకటి చీల్చి గింజ చూసుకోండి. పెద్దవాళ్ళకు ఐదు నుంచి తొమ్మిది చాలు. బాగా కడిగి, గింజ తీసి, అర గ్లాసు నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే నమిలి తిని ఆ నీళ్ళు తాగాలి. ఎండు ద్రాక్ష బరువులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. కాబట్టి షుగరు ఉన్నవారు తమ డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అందులోని పొటాషియం ఇబ్బంది చేస్తుంది. చిన్న పిల్లలకు గొంతులో అడ్డం పడకుండా మెత్తగా మెదిపి పెట్టండి. మలంలో రక్తం కనిపించినా, మలబద్ధకం కొత్తగా మొదలై వారాల తరబడి తగ్గకపోయినా మునక్కాలతో కాలక్షేపం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

పెద్దమ్మ చేత ఆ సీసా మాన్పించి, షుగరు పరీక్షకు పంపాను. ఇప్పుడు నా చీటీల మీద మునక్కా పక్కన తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తున్నాను.