పెంచిన బిడ్డ కన్నబిడ్డే



కొన్నేళ్ల క్రితం ఒక దంపతులు పసిబిడ్డను జ్ఞానస్నానానికి తీసుకువచ్చారు. రిజిస్టరు రాస్తూ నేను అందరి ఎదుటా, "అసలు తల్లిదండ్రులెవరు?" అని అడిగాను. ఆ తల్లి ముఖం వాడిపోయింది. "మేమేనండి ఫాదర్‌గారూ" అంది మెల్లగా. ఆనాడు పాఠం నేర్చుకున్నది నేను.

పునీత జోజప్పగారు యేసు ప్రభువును కనలేదు. అయినా బిడ్డకు పేరు పెట్టి, ఐగుప్తుకు తీసుకుపోయి కాపాడారు. ఆయన తండ్రి కాదని ఎవరనగలరు? తిరుసభ చట్టం 110వ సూత్రం కూడా, పౌరచట్టం ప్రకారం దత్తతకు వచ్చిన వారిని ఆ తల్లిదండ్రుల బిడ్డలుగానే ఎంచుతుంది.

మన దేశంలో క్రైస్తవులకు ఈ హక్కు ఆలస్యంగా దక్కింది. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. 1890 నాటి చట్టం కింద మనం సంరక్షకులం మాత్రమే. బిడ్డ మేజరు కాగానే ఆ బంధం చట్టం దృష్టిలో ముగిసేది. 2000 నాటి బాలల న్యాయ చట్టం, 2006 సవరణ మనకు తలుపు తెరిచాయి. నేడు అమలులో ఉన్న 2015 చట్టం ప్రకారం దత్తత బిడ్డకు కన్నబిడ్డ హక్కులన్నీ ఉంటాయి.

ఒక హెచ్చరిక. ఆసుపత్రిలోనో, మధ్యవర్తి ద్వారానో నేరుగా బిడ్డను తెచ్చుకోవడం నేరం. ప్రేమతో తెచ్చుకున్నా, ఒకనాడు ఆ బిడ్డను వదులుకోవలసి రావచ్చు. దరఖాస్తు 'కారా' ద్వారానే చేయాలి. తెనాలివారు గుంటూరులోను, బాపట్ల, రేపల్లెవారు బాపట్లలోను జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడగండి. ఫోస్టర్ కేర్ వేరు: బాలల సంక్షేమ కమిటీ అప్పగించిన బిడ్డను కొంతకాలం పెంచుతాం, కన్నవారితో బంధం తెగదు. దిక్కులేని బిడ్డ కనిపిస్తే 1098కు ఫోను చేయండి.

ఉత్తర్వు అధికారులిస్తారు. ఆత్మీయులను మాత్రం విచారణే ఇవ్వాలి. నెలకొక ఆదివారం పూజ తరువాత ఇలాంటి కుటుంబాలను ఒకచోట కూర్చోబెడదాం. విన్సెంట్ డి పాల్ సభవారు కాగితాల పనిలో తోడు వెళ్లవచ్చు. మరియదళంవారు ఇల్లు దర్శించి, తల్లి అలసటను ఆలకించవచ్చు. ముందుగా ఆ దారి నడిచినవారు కొత్తవారికి ధైర్యం చెప్పవచ్చు. దత్తత సంగతి బిడ్డకు చిన్ననాడే, తల్లిదండ్రుల నోటనే తెలియాలి. వీధిలో పరాయివారి నోట కాదు.

ఇంట్లో చర్చించండి:
1. "సొంత బిడ్డేనా?" అని మనం ఎవరినైనా అడిగామా?
2. మన వీధిలోని అలాంటి కుటుంబానికి ఈ వారం ఏం చేయగలం?