చెస్ట్ ఫ్రీజర్‌తో ఇంట్లోనే డ్రాఫ్ట్ ట్యాప్: చల్లదనం ఈజీ, జాగ్రత్తంతా గ్యాస్ దగ్గరే

కెగ్, ఫ్రీజర్ అనే రెండు మాటలు కలిపితే 'కీజర్'. అమెరికాలో హోమ్‌బ్రూ చేసేవాళ్లు పాత చెస్ట్ ఫ్రీజర్‌కి ట్యాపులు బిగించి ఇంట్లోనే డ్రాఫ్ట్ బీర్ పట్టుకుంటారు. ఆ వీడియోలు చూసి వైజాగ్‌లో కూడా ట్రై చేద్దామనుకునేవాళ్లకి ముందే ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం నేరం. 'మా ఇంట్లో మా కోసమే కదా' అంటే కుదరదు. అందుకే ఈ బిల్డ్‌లో కెగ్‌లోకి వెళ్లేది సోడా. మెషిన్ అదే, ప్రెజర్, ట్యూబు పొడవు మారతాయంతే.

ఫ్రీజర్ కొనేముందు టేపు పట్టుకెళ్లండి. 19 లీటర్ల కార్నీ కెగ్ సుమారు 63 సెంటీమీటర్ల ఎత్తు, 23 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. లోపల ఒక పక్క కంప్రెసర్ కోసం మెట్టులా ఎత్తుగా ఉంటుంది కదా, చాలామంది లెక్క తప్పేది అక్కడే. కెగ్ అడుగు సైజులో అట్టముక్క కత్తిరించి లోపల పెట్టి చూస్తే డౌట్ ఉండదు.

ట్యాప్ కోసం ఫ్రీజర్ గోడకి డ్రిల్ పెట్టకండి. చెస్ట్ ఫ్రీజర్‌లో గ్యాస్ పైపులు గోడల లోపలే చుట్టి ఉంటాయి, బయటికి కనిపించవు. పైగా ఇప్పుడొచ్చే చాలా మోడళ్లలో ఉండేది ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. మంట అంటుకునే గ్యాస్ అది. అందుకే మూతకీ బాడీకీ మధ్య 15 సెంటీమీటర్ల ఎత్తున చెక్క ఫ్రేమ్ కూర్చోబెట్టి, రంధ్రాలన్నీ ఆ చెక్కకే పెట్టాలి. మన ఉప్పుగాలికి మామూలు ప్లైవుడ్ ఉబ్బిపోతుంది, మెరైన్ ప్లై తీసుకోండి.

ఇక టెంపరేచర్. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలకి పోతుంది, మనకి కావాల్సింది 3. ఎస్‌టీసీ-1000 లాంటి చిన్న కంట్రోలర్ ఫ్రీజర్ కరెంటుని ఆన్, ఆఫ్ చేస్తూ ఆ పని చూసుకుంటుంది. కొనేటప్పుడు 230 వోల్టుల మోడలేనా అని చూడండి. ఎఫ్1లో 3 డిగ్రీలు, ఎఫ్2లో 1 డిగ్రీ తేడా, ఎఫ్3లో కంప్రెసర్ డిలే కనీసం 5 నిమిషాలు పెట్టండి. డిలే తగ్గిస్తే కంప్రెసర్ వెంటవెంటనే స్టార్టయ్యి తొందరగా పోతుంది. సెన్సర్‌ని గాల్లో వేలాడదీయకుండా కెగ్‌కి ఆనించి, పైన ఫోమ్ ముక్క పెట్టి టేప్ వేయండి. మూత తీసినప్పుడల్లా మారేది గాలి టెంపరేచర్, సోడాది కాదు. వైరింగ్ చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఎర్త్ మాత్రం తప్పనిసరి.

గ్యాస్ లెక్క

స్టీల్ సిటీలో వెల్డింగ్ సీఓ2 దొరకడం కష్టం కాదు. కానీ తాగేదాంట్లోకి ఫుడ్ గ్రేడే వాడాలి. బీర్‌కి 10 నుంచి 12 పీఎస్ఐ చాలు. గోలీసోడా లాగా ముక్కులోకి ఎక్కాలంటే 3 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 కావాలి. నీళ్లు ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత బాగా కరుగుతుంది కాబట్టి ముందు చల్లబరిచి, తర్వాత గ్యాస్ ఇవ్వండి. వారం పడుతుంది, తొందరైతే కెగ్‌ని ఊపాలి. బీర్‌కి 5 మిల్లీమీటర్ల ట్యూబు 3 మీటర్లు సరిపోతుంది. సోడాకి దాదాపు రెట్టింపు పెట్టకపోతే గ్లాసులో నురగే మిగులుతుంది.

సిలిండర్ గేజ్ మే నెలలో వింతగా ప్రవర్తిస్తుంది. సీఓ2 క్రిటికల్ టెంపరేచర్ 31.1 డిగ్రీలు. అది దాటితే లోపల ద్రవం, ఆవిరి అనే తేడానే ఉండదు, ప్రెజర్ గబగబా పెరుగుతుంది. అంటే మన ఎండాకాలం మధ్యాహ్నం సిలిండర్ బయట ఉంటే ఆ గీత దాటేసినట్టే. నీడలో, నిటారుగా, గోడకి గొలుసుతో కట్టి పెట్టండి.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. 5 కిలోల సీఓ2 మొత్తం లీకైతే సుమారు 2.8 ఘనపు మీటర్ల గ్యాస్. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది 28 ఘనపు మీటర్లు. అంటే గదిలో 10 శాతం. ఆ స్థాయిలో మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. పైగా ఇది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, కిందే పేరుకుంటుంది. బరువైన ఆవిరి ఏం చేస్తుందో 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు మన ఊరు చూసింది. కాబట్టి ఏసీ బెడ్‌రూమ్‌లో, కిందపడుకునే పిల్లలున్న గదిలో కీజర్ వద్దు. వాడనప్పుడు సిలిండర్ వాల్వ్ కట్టేయండి. లీకైందని అనుమానం వస్తే ఫ్రీజర్‌లోకి తల పెట్టి వెతకొద్దు. కిటికీలు తీసి బయటికి రండి.

లీక్ టెస్ట్ ఖాళీ కెగ్‌తో చేయండి. నీళ్లుంటే గ్యాస్ వాటిలో కరిగినా ముల్లు పడిపోతుంది, లీకేమో అనుకుంటాం. జాయింట్లకి సబ్బు నీళ్లు రాసి, రాత్రంతా వాల్వ్ కట్టేసి, పొద్దున్న గేజ్ చూడండి.

అలారం ఈఎస్‌పీ32తో చేసుకోవచ్చు. ఎంక్యూ-135 సెన్సర్ చవక కానీ, సీఓ2కి దాన్ని నమ్మొద్దు. ఎంహెచ్-జెడ్19 లాంటి ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ తీసుకుని, మోకాలి ఎత్తు దాటకుండా బిగించి, 2,000 పీపీఎం దగ్గర మోగేలా పెట్టండి. పనిచేసే చోట ఎనిమిది గంటల పరిమితే 5,000.

నిమ్మ, సుగంధి సిరప్‌లు కెగ్‌లో కలపకండి. ట్యూబులో పంచదార చేరితే బూజు పడుతుంది, కడగడం నరకం. సిరప్ గ్లాసులో వేసుకుని ట్యాప్ తిప్పండి.